ఉదరకుడ్యపు మచ్చ, మూలకణముల ఆశ

కడుపుకోత మానిపోయి, కుట్లు విప్పి, నెలలో ఏండ్లో గడచిన పిదప, దగ్గినప్పుడు ఆ మచ్చ ప్రక్కనే నిమ్మకాయంత ఉబ్బు పొంగి, పండుకొనగానే లోనికి జారిపోవుచున్నచో, లోపలి పొర వీడి ఆ సందున ప్రేగు వెలికి వచ్చుచున్నదనియే, అనగా హెర్నియా యనియే, అనుమానింపవలెను.

గాయము మానునప్పుడు తొలుత పుట్టు కొలాజెన్ మూడవ రకమునకు చెందిన బలహీనపు తంతువు; క్రమముగా దృఢమైన మొదటి రకము దాని స్థానము నాక్రమించును. ఐనను మచ్చకు సహజబలములో నూటికి 80 పాళ్లకు మించి రాదు. పొగత్రాగువారికి, మధుమేహులకు అదియును దుర్లభమే. నెదర్లాండ్సు వైద్యులు 2000లో ప్రకటించిన పరిశీలనలో, తొలిసారి బాగుచేయించుకొన్నవారిలో, మూడేండ్లలోపల కుట్లు మాత్రమే వేసినచోట నూటికి 43 మందికి, కృత్రిమపు వల నమర్చినచోట 24 మందికి హెర్నియా తిరిగివచ్చినది. వల మేలే గాని చాలదు.

అందుకే ఎముకమజ్జనుండియు క్రొవ్వునుండియు తీసిన మూలకణములను వలపై పెంచి ఎలుకలలో పరీక్షించుచున్నారు. ఈ కణములు తామే కండరముగా మారుటకంటె, వృద్ధికారకములను స్రవించి, వాపు నణచి, క్రొత్త రక్తనాళములను రప్పించి, పొరుగు కణములచే పని చేయించుటయే ప్రధానమని తోచుచున్నది. ఎంత మనోహరమైన సహకారము!

కాని మన దేశమున 2017 నాటి మార్గదర్శకములు రక్తవ్యాధులకు చేయు మజ్జమార్పిడి వంటివానిని దక్క మూలకణచికిత్సలను పరిశోధనగానే పరిగణించినవి. కావున హెర్నియాకు మూలకణముల పేర సొమ్మడుగువారిని నమ్మకుడు. ఉబ్బు గట్టిపడి, నొప్పితో లోనికి పోకున్నచో తక్షణమే శస్త్రవైద్యుని చేరుడు.