వేపుడు ముద్ద కాకుండా ఉండాలంటే...

హాస్టల్ పిల్లలు కూరగాయలు తినరని పెద్దలు అంటుంటారు. మేము ఆ మాట ఒప్పుకోము. బెండకాయ కూర వండిన రోజు కంచాల్లో మిగిలిపోవడానికి కారణం బెండకాయ కాదు, దాని జిగురు. అదే బెండకాయను పొడిపొడిగా వేయించి వేరుశనగపప్పుల పొడి చల్లితే, చారన్నంలో నంజుకోవడానికి రెండోసారి అడిగి మరీ వేయించుకుంటారు.

ఆ జిగురు ఎక్కడి నుండి వస్తుంది? బెండకాయ లోపల ఉండే ఒక రకం పిండిపదార్థం నీరు తగిలితే ఉబ్బి తీగలా సాగుతుంది. కనుక కోసిన ముక్కలను కడగరాదు. కాయలను ముందే కడిగి, గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, ఆ తరువాతే కోయాలి. కత్తిపీట కూడా పొడిగా ఉండాలి. ఉప్పు ముక్కలోని నీటిని బయటకు లాగుతుంది కాబట్టి దానిని దించేముందు వేసుకోవాలి.

మిత్రులారా, సైన్సు పాఠంలో చదివినదే ఇక్కడా పని చేస్తుంది. తడి ఉన్నంతసేపు ముక్క వేడి 100 డిగ్రీలు దాటదు. అంటే అది ఉడుకుతుందే తప్ప వేగదు. తడి ఆవిరైపోయాకే అంచులు ఎర్రబడి కమ్మటి వాసన వస్తుంది. మూత పెడితే ఆ ఆవిరి తిరిగి నీరై ముక్కల మీదే పడుతుంది. దొండకాయ గట్టిది గనుక మొదట ఐదు నిమిషాలు మూత పెట్టినా ఫరవాలేదు. గోరుచిక్కుడును మాత్రం కొద్ది నీటిలో ఉడికించి, వార్చి, తరువాత వేయించాలి. వార్చిన నీటిని పారబోయకుండా చారులో కలుపుకోవచ్చు.

అసలు చిక్కు వందమందికి వండేటప్పుడు వస్తుంది. పది కిలోల ముక్కలు ఒకే బాండీలో పోస్తే అడుగువి మాడతాయి, పైవి ఆవిరికి ఉడికి ముద్దవుతాయి. ఉన్నది ఒక్క పొయ్యి, బడి గంటేమో తొమ్మిదికి. వంటమనుషులను అని ఏం లాభం? ముందురోజు సాయంత్రమే కాయలు కడిగి ఆరబెట్టడానికి నలుగురం చేయి వేస్తే, పొద్దున మూడు వాయిలుగా వేయించే సమయం వాళ్లకు దొరుకుతుంది.

నూనె ఎక్కువ అవసరం లేదు. కిలో ముక్కలకు నాలుగు పెద్ద చెంచాలు చాలు.

వేడికి సి విటమిన్ కొంత పోతుంది. అందుకే దించి, కాస్త చల్లారాక నిమ్మకాయ పిండాలి. పప్పులో, ఆకుకూరల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయపడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-19 ఏళ్ల బాలికల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. కాబట్టి ఆ నిమ్మచెక్కను ఆడపిల్లలు అసలు వదలరాదు.

ఇంకొక్క మాట. బెండకాయ కొనను వంచితే టప్పున విరగాలి. విరగకుండా వంగిందంటే ముదిరిందన్నమాట. అటువంటి వాటిని వేపుడులో కలపకుండా పులుసుకు పక్కన పెట్టండి.