దూరదేశపు బేరము: కలంకారీ నేర్పిన పాఠము



వర్తక కంపెనీలు పలుదేశముల విపణులయందు క్రొత్తదనమును ఏ రీతిగా సాధింపవలయును? ఈ పూట నాకు నిర్ణయింపబడిన విషయమిది. పల్లెబడిలో పిల్లలకు వ్యాకరణము చెప్పి విశ్రాంతి గైకొనిన కలికిరి పంతులునకు అంగడిలెక్కలతో నేమి పని యని మీరు శంకింపవచ్చును. అయినను ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై మనము పరదేశములకు పోవలసిన యగత్యము లేదు. మన తీరమున నేసి, మన చేతులతో రంగు వేసిన బట్ట సముద్రములు దాటిపోయి, ఈ పరీక్షయందు ఒకప్పుడు నెగ్గినది, మరియొకప్పుడు ఓడినది. ఆ గెలుపును ఆ యోటమియు రెండును మనకు పాఠములే.

మొదట ఆ బట్ట కథ వినుడు. డచ్చి కంపెనీవారు 1605లోను, ఇంగ్లీషు కంపెనీవారు 1611లోను మచిలీపట్టణపు రేవున దిగిరి. వారు తూర్పుసముద్రమునకు వచ్చినది మిరియములు, లవంగములు, జాజికాయల కొరకు. అవి దొరకు దీవులలోని జనులు వెండినాణెముల కంటె హిందూదేశపు బట్టలనే యెక్కువ కోరుచుండిరి. కనుక సుగంధద్రవ్యములు కావలసినచో ముందు బట్టలు సంపాదింపవలయును. బట్టలు కావలసినచో కోరమాండలు తీరమునకు రావలయును. కంపెనీ యను మాట తెలుగువాని చెవిని బడుటకు కారణము మన సాలెవాని మగ్గమును, మన అద్దకపువాని కలమునే యని చెప్పవచ్చును.

ఆ కలమునందలి మహిమ యేమి? గుడ్డను కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో తడిపి యారవేయుదురు. పాలలోని వెన్న గుడ్డకు పట్టుటచేత గీసిన గీత చెదరదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో చాలదినములు పులియబెట్టి, ఆ నీటిని వెదురుకలముతో గీసినచో కరక్కాయతో కలిసి నల్లని గీత యేర్పడును. ఎరుపు కావలసినచోట పటికనీరు పూయుదురు. పటికకు తనదైన రంగు లేదు. అటుపిమ్మట చిరివేరు వేసి కాచిన నీటిలో గుడ్డను ఉడికింపగా, పటిక తగిలినచోటనే యెరుపు నిలుచును. తక్కినచోట నంటిన వన్నె ఉతుకుటచేతను ఎండచేతను పోవును. నీలి ముంచునప్పుడు రంగు తగులరాని చోటులను మైనముతో కప్పుదురు. పసుపువన్నెను కలముతో దిద్దుదురు. నీలిమీద పసుపు పడినచోట ఆకుపచ్చ పుట్టును. ఇట్లు వేసిన రంగు ఉతికినను పోదు. 17వ శతాబ్దమున యూరపుఖండపు అద్దకపువారికి నూలుబట్టమీద ఇట్టి నిలుకడగల రంగులు వేయుట తెలియదు. మన సరకునకు గల బలమంతయు ఇందే యున్నది.

ఇక ఆ బలమును దేశదేశములకు ఎట్లు పంచిరో చూతము. పారశీకదేశమునకు పోవు గుడ్డలమీద మసీదుగోడలోని గూడువంటి తోరణమును, సరుగుచెట్టువంటి నిడుపాటి వృక్షములను వేసిరి. ప్రార్థనసమయమున అవి ఉపయోగపడెను. కలంకారీ యను పేరే పారశీకభాషనుండి వచ్చినది. జావా, సుమత్రా మొదలగు దీవులకు పోవు గుడ్డల చివరలయందు మొనదేలిన త్రికోణముల వరుసలు దిద్దిరి; ఏలయన అక్కడివారు ఆ గుడ్డను నడుమునకు చుట్టుకొన్నప్పుడు ఆ వరుస యెదుట కనబడవలయును. సయాముదేశపు రాజాస్థానమువారు తమ మాదిరులను తామే గీయించి ఈ తీరమునకు పంపిరి. జపానుదేశమున మన గుడ్డల చిన్నముక్కలు సైతము విలువగలవై, తేనీటి పాత్రలు దాచు సంచులుగా కుట్టబడినవి. సెలెబీసు దీవి కొండలలోని తొరాజాజనులు మన పూర్వుల బట్టలను కట్టుకొనుట మాని, తరతరములు పవిత్రవస్తువులుగా దాచుకొనిరి.

యూరపునకు పోయినవి మంచముమీద కప్పు దుప్పట్లును, గోడలకు వ్రేలాడదీయు తెరలును. వారికి ఎఱ్ఱని నేల రుచింపలేదు. 1643లో లండనులోని కంపెనీ పెద్దలు సూరతులోని తమ ఉద్యోగులకు వ్రాయుచు, ముదురెరుపు నేలగల దుప్పట్లకు గిరాకి లేదనియు, తెల్లని నేలమీద రంగుపూవులు వేయించి పంపవలసినదనియు తెలిపిరి. ఆ అభిరుచియే మన తీరపు పనిని సైతము మార్చినది. తెల్లనినేలమీద ఒక గుట్టనుండి మొలచి, వంకరలు తిరిగి, నూరువిధముల పూవులు పూచిన మహావృక్షము ఆ దుప్పట్లకు గురుతు. ఆ చెట్టు ఏ దేశపు అడవిలోను మొలచినది కాదు. పారశీకపు పూవును, చీనాదేశపు గుట్టయు, ఇంగ్లీషువారి కుట్టుపనిలోని కొమ్మయు, మన చిత్రకారుని హస్తమును కలిసి దానిని పుట్టించెను.

వ్యాకరణము చదివినవారికి ఇందలి రహస్యము సులభముగా బోధపడును. ధాతువు మారదు, ప్రత్యయమును బట్టి రూపము మారును. చేయు అను ఒక్క ధాతువునుండి చేసెను, చేయుచున్నాడు, చేయగలడు, చేయుము అను రూపములు వచ్చుచున్నవి. కరక్కాయ, పటిక, చిరివేరు, నీలి అను విద్య కలంకారీకి ధాతువు. నేల వన్నె, అంచు, కొలత, బొమ్మ ప్రత్యయములు. ఒకే బట్టను అన్నిదేశములకు పంపి కొనుడని కూర్చున్నవాడు ధాతువును మాత్రమే పలికినవాడు. వాని మాట వాక్యములో నిమడదు. ప్రతిదేశమునకును సమస్తమును మార్చబోయినవాడు ధాతువునే పోగొట్టుకొనును. వాని మాటకు అర్థమే మిగులదు. ఏది ధాతువో ఏది ప్రత్యయమో విడదీసి తెలిసికొనుటయే దూరదేశపు వర్తకమున క్రొత్తదనమునకు మొదటి మెట్టు.

ఇంతవరకు గెలుపు. ఇక ఓటమి యెట్లు వచ్చినదో చెప్పెదను. కొనువాని కోరిక లండనునుండి రేవులోని వర్తకశాలకును, అచ్చటినుండి దుబాసీకిని, వానినుండి దలారీకిని, పిదప పనివానికిని చేరెడిది. పనివాని చేతికి వచ్చునప్పటికి అది కొన్ని మాదిరులును, కొంత బయానాసొమ్మును మాత్రమే. ఎవరు కట్టుకొనుచున్నారు, ఎందుకు మెచ్చుచున్నారు, ఎంతకు కొనుచున్నారు అను జ్ఞానము త్రోవలోనే నిలిచిపోయెను. మరియొకవైపు పనివాని విద్య మాత్రము నిరాటంకముగా సముద్రము దాటిపోయెను. తెలుగు నేర్చి తెలుగునకు నిఘంటువు కూర్చిన ఫ్రెంచి పాదిరి కేర్దూ 1742లో మన అద్దకపుపనిని దశదశలుగా వర్ణించి తన దేశమునకు లేఖ వ్రాసెను.

ఈలోగా చట్టములు అడ్డుపడెను. ఫ్రాన్సుదేశమువారు 1686లోనే ఈ బట్టలను నిషేధించిరి. ఇంగ్లండులో 1700లో ఒక చట్టమును, 1721లో మరింత కఠినమైన చట్టమును పుట్టినవి. 1719లో లండనులోని పట్టునేతగాండ్రు వీధులలో అద్దకపుగుడ్డలు ధరించిన స్త్రీలపై బడి అల్లరులు చేసిరి. నిషేధము సడలిన వెనుక, 1760లో ఓబర్కాంఫు అనువాడు ఫ్రాన్సులోని జూయీ గ్రామమున అద్దకపు కార్ఖానా స్థాపించెను. 1783లో స్కాట్లండువాడైన తామసు బెల్లు తిరుగుడు రోలరుతో అద్దు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. మన పనివాడు నెలలు శ్రమించి తీర్చు బొమ్మను యంత్రము గజములకొలది అద్దివేయసాగెను. అప్పుడు మనవానికి కొనువాడెవడో తెలియదు, తెలిసినవారు కంపెనీవారు, వారు తమ దారిని తాము చూచుకొనిరి. చేతిలో విద్య యుండియు పనివాడు దిక్కులేనివాడైనాడు.

కనుక రెండవ పాఠము: విపణిని గూర్చిన జ్ఞానము పనిచేయువాని వరకు రావలయును. రూపము మార్చుమని ఆజ్ఞ పంపుట వేరు. ఏల మార్చవలయునో తెలుపుట వేరు. కారణము తెలిసిన పనివాడు అడిగినదానికంటె మేలైన మార్పును తానే కనిపెట్టును.

మూడవ పాఠమునకు చీరాల ప్రాంతమునకు పోవుదము. ఆ తీరపు సాలెవారు రంగునూలుతో గళ్లు నేసిన గుడ్డలు మదరాసు రుమాళ్లను పేర పడమటి ఆఫ్రికాకు చాలకాలము పోయినవి. మొదట అవి లండను వర్తకుల చేతులమీదుగా పోయెడివి. నైజీరియా దేశమున నైజరునది ముఖద్వారమున నివసించు కలబారీజనులు దానిని ఇంజిరి అందురు. ఇగ్బోజనులు జార్జి అందురు. చెన్నపట్టణపు కోట పేరే అట్లు గుడ్డకు పేరై నిలిచినది. కలబారీ స్త్రీలు ఆ గుడ్డను ఉన్నదున్నట్లు కట్టుకొని యూరకుండలేదు. సూదియు కత్తియు తీసికొని, గళ్లలోని కొన్ని పోగులను కోసి యూడదీసి, క్రొత్త చిత్రమును కల్పించిరి. ఆ కోసిన గుడ్డకు పెలెటే బిటే యని పేరు. వారి యుత్సవములయందును, ఉత్తరక్రియలయందును దానికి గౌరవస్థానము కలదు.

చీరాల సాలెవాడు నేసినప్పుడు ఆ గుడ్డ సగము పని మాత్రమే. మిగిలిన సగము అక్కడి స్త్రీ చేతిలో పూర్తియైనది. నూతనకల్పన యనునది కంపెనీవారి గదులలోనే పుట్టునని తలచుట పొరపాటు. కొనువాడు వస్తువును ఇంటికి తీసికొనిపోయి ఏమి చేయుచున్నాడో వినయముతో చూచిరావలయును. పోగు తీసి కట్టుకొనువారికి పోగు సులభముగా వచ్చు నేత కావలయునుగదా! ఇది లెక్కల పుస్తకములో కనబడదు. వారి వాకిట నిలిచినవానికే కనబడును.

నాలుగవ పాఠము: ఒకే దేశమును నమ్ముకొనరాదు. 1721 నాటి చట్టమువంటి చట్టము ఏ దేశమునందైనను ఏ నాడైనను పుట్టవచ్చును. ఇంగ్లండు తలుపు మూసినప్పుడు సైతము మన బట్టలు తూర్పుదీవులకును పారశీకమునకును పోవుచునేయుండెను. పలుప్రత్యయములు నేర్చిన పనివానికి ఒకటి పోయినను మరియొకటి యుండును.

ఇక మన సీమ మాట. శ్రీకాళహస్తిలో కలముతో చిత్రించు పని క్షీణించియుండగా, 1950 దశకమున కమలాదేవి చట్టోపాధ్యాయగారి పూనికతో అఖిలభారత హస్తకళల బోర్డువారు అచ్చట శిక్షణాలయము నెలకొల్పిరి. గుడులలో వ్రేలాడవలసిన రామాయణ భారతకథల తెరలు వ్రాయు చేతులు, నేడు చీరలు, గోడతెరలు, చేతిసంచులు చిత్రించుచున్నవి. ధాతువు నిలిచినది, ప్రత్యయములు పెరిగినవి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక సూచిక యను రక్షణయు లభించినది. అయినను యంత్రముతో అచ్చొత్తిన నకిలీగుడ్డలు అదే పేరుతో అంగళ్లలో నమ్ముడుపోవుచున్నవి. చిరివేరు రంగునకు రసాయనపు రంగునకు గల భేదమును కొనువానికి ఓపికతో తెలుపువాడు లేనిచో చట్టమొక్కటియే ఆ పనిని కాపాడజాలదు.

మదనపల్లెయందలి నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేయువారున్నారు. చిత్తూరుసీమ తోతాపురి మామిడి గుజ్జు డబ్బాలకెక్కి అరబ్బుదేశములకును యూరపునకును పోవుచున్నది. కలికిరి, మదనపల్లె ప్రాంతముల టమోటా బండ్లకొలది రాష్ట్రములు దాటుచున్నది. కాని తన పండు ఎక్కడ, ఏ రూపమున, ఎవరి నోటికి చేరుచున్నదో ఎందరు రైతులకు తెలియును? నాడు దలారీ చేతిలోని మాదిరిని చూచిన అద్దకపువానికిని, నేడు మండీలో వేలపుకేకను మాత్రమే వినుచున్న రైతునకును నాకు పెద్ద భేదము కానరాదు. ధర పడిన నాడు కారణము తెలియక, పండించినవాడు పంటను రోడ్డుమీద పారబోసి పోవుచున్నాడు.

కావున ఈ సీమలో క్రొత్తగా కంపెనీలు స్థాపింపబూనిన యువకులకు నేను చెప్పునది యిది. బయటిదేశమునకు సరకు పంపకమునుపు మీ ధాతువేదో ఒక కాగితముమీద వ్రాసికొనుడు. అది రంగు కావచ్చును, రుచి కావచ్చును, నేత కావచ్చును. దానిని ఎవరడిగినను మార్పకుడు. తక్కినది యంతయు మార్చుటకు సిద్ధపడుడు. గుమాస్తాను మాత్రమే పరదేశమునకు పంపక, పని తెలిసినవానిని వెంట పంపుడు. మొదట కొద్దిసరకు మచ్చుగా పంపి, అక్కడివారు దానితో ఏమి చేయుదురో చూచి, పిదప పెద్దసరకునకు పూనుకొనుడు. అచ్చట తెలిసికొనినదానిని మగ్గము దగ్గరకును, తోట దగ్గరకును తెచ్చి చెప్పుడు. లాభములో భాగమువలెనే తెలివిలోను భాగము పనివానికి దక్కవలయును.

తొరాజాకొండలలో దాచిన బట్టమీద నేసినవాని పేరు లేదు, రంగు వేసినవాని పేరు లేదు. వారి సంతతివారి పేరులైనను, వారి ఊరి పేరైనను ఇకమీద పోవు సరకుమీద నుండునట్లు చేయుట మనచేతిలో నున్నది.