రక్తస్రావమును అరికట్టే మందులు

వేలు తెగితే రక్తము కొద్ది నిమిషాలలో దానంతట అదే ఆగిపోతుంది. రక్తములో కరిగి ఉన్న ఫైబ్రినోజన్ అనే ప్రోటీను ఫైబ్రిన్ దారాలుగా మారి, గాయము మీద వలవలె అల్లుకొంటుంది. రక్తకణాలు ఆ వలలో చిక్కుకొని గడ్డ ఏర్పడుతుంది. ఇంతవరకు పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. కాని ఆ గడ్డ ఎల్లకాలము అట్లే ఉండిపోతే రక్తనాళము మూసుకొనిపోదా? అందుకే ప్లాస్మిన్ అనే ఎంజైము ఫైబ్రిన్ దారాలను క్రమముగా తెంచి కరిగిస్తుంది. పెద్ద గాయాలలో ఈ తెంచే పని మితిమీరి, కట్టిన గడ్డ కట్టినట్లే కరిగిపోవచ్చు.

కాబట్టి రక్తస్రావానికి ఏ మందు మంచిదని అడిగేవారిని, లోపము ఎక్కడ ఉన్నదని మనము ఎదురు ప్రశ్న వేయవలసి ఉంటుంది. గడ్డకట్టుటకు కావలసిన కొన్ని ప్రోటీనులను కాలేయము తయారు చేయాలంటే విటమిన్ కె అవసరము. అది తక్కువగా ఉండే నవజాత శిశువులకు, వార్ఫరిన్ వాడేవారికి ఈ విటమిను ఎంతో మేలు చేస్తుంది. అయినా కొన్ని గంటలకు గాని ఫలితము కనిపించదు. లోపము లేనివారికి ఎంత ఇచ్చినా ప్రయోజనము లేదు. ప్రసవమైన తల్లికి ఇచ్చే ఆక్సిటోసిన్ రక్తము జోలికే పోదు! గర్భాశయ కండరాలను ముడుచుకొనేటట్లు చేసి, మాయ ఊడిన చోట తెరుచుకొన్న నాళాలను నొక్కి మూయిస్తుంది.

మూడవది ట్రానెక్సామిక్ ఆమ్లము. జపాను శాస్త్రజ్ఞులైన ఉటాకో ఒకమోటో, షోసుకె ఒకమోటో దంపతులు దీనిని గూర్చి 1962లో ప్రకటించారు. ప్లాస్మిన్‌కు పూర్వరూపమైన ప్లాస్మినోజన్, ఫైబ్రిన్‌లోని లైసిన్ అనే ఎమినో ఆమ్లమును పట్టుకొని పని మొదలుపెడుతుంది. లైసిన్‌ను పోలిన ఈ మందు ముందే ఆ పట్టుచోటులో కూర్చుంటుంది, తాళపు రంధ్రములో పుల్ల విరిగినట్లు. ఇది కొత్త గడ్డను కట్టదు; కట్టినదానిని కాపాడుతుంది.

అందువల్ల వేళ ముఖ్యము. 20,000కు పైగా క్షతగాత్రులపై జరిపి 2010లో ప్రకటించిన పరీక్ష అంకెలను విద్యార్థులు జాగ్రత్తగా చూడవలెను. గాయమైన గంటలోపల మందు పొందినవారిలో రక్తస్రావముతో మరణించినవారు నూటికి 5.3, పొందనివారిలో 7.7. మూడు గంటలు దాటిన తరువాత లెక్క తలక్రిందులైనది: మందు పొందినవారిలో 4.4, పొందనివారిలో 3.1! 2017లో ప్రకటించిన మరొక పరీక్షలో, ప్రసవానంతర రక్తస్రావము గల తల్లులకు మూడు గంటలలోపు ఇచ్చినప్పుడు ఆ మరణాలు నూటికి 1.7 నుండి 1.2కు తగ్గాయి. అక్కడ ఇది ఆక్సిటోసిన్‌కు బదులు కాదు, తోడు. ఉటాకో ఈ ఫలితము చూడలేదు. ఆమె 2016లో మరణించారు.

అయితే జీర్ణకోశ రక్తస్రావములో ఇదే మందు మరణాలను తగ్గించలేదని 2020లో తేలింది. పైగా సిరలలో గడ్డలు కొంత ఎక్కువయ్యాయి.