సీమ వాణి: కడప ఆకాశవాణిలో ఏడు దినములు

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు పట్టణము ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని యయ్యెను. కచేరీలకు భవనములు చాలక గుడారములు వేసిరి. గవర్నరు వచ్చెను, మంత్రులు వచ్చిరి, హైకోర్టు మాత్రము గుంటూరునకు పోయెను. మూడేండ్లు గడచి, 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను. ఆ మూడేండ్లలోను కర్నూలునకు రాని వస్తువు మరియొకటి కలదు. అది రేడియో కేంద్రము. తమ ఊరిలో జరిగిన శాసనసభ చర్చ కృష్ణాతీరమునకు పోయి, అచ్చటినుండి గాలిలో తిరిగివచ్చిన తరువాతగాని కర్నూలు పౌరుని చెవిని పడెడిది కాదు.

తెలుగువాడు రేడియోలో తెలుగు వినుటకు ఆనాడు మూడు దిక్కులుండెను. 1938 జూన్ 16న ఆరంభమైన మదరాసు కేంద్రము మొదటిది. అందులో తెలుగు అరవముతో సమయమును పంచుకొనవలసి వచ్చెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసెను. నిజాము కాలమున దక్కను రేడియోగా నడచిన హైదరాబాదు కేంద్రము 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసెను. ఈ మూటికిని నడుమ, మూటికిని దూరముగా రాయలసీమ యుండెను. పగటివేళ ఏ కేంద్రమును స్పష్టముగా వినబడదు. ప్రొద్దు క్రుంకిన పిమ్మట అన్ని కేంద్రములును ఒక్కసారిగా మీదబడును. దీనికి కారణము ఆకాశముననే కలదు. మధ్యతరంగములను పగలు పీల్చివేయు వాయుమండలపు పొర యొకటి రాత్రి మాయమగును. అప్పు డా తరంగములు పైపొరకు తగిలి, అద్దమునకు తగిలిన వెలుతురువలె వెనుదిరిగి, వందలకొలది మైళ్ళ దూరమున వ్రాలును. చీకటి పడినచో సింహళము సైతము దగ్గరయయ్యెడిది. 1952 తరువాత ఆకాశవాణి సినిమా పాటలను తగ్గించినప్పుడు దక్షిణదేశపు శ్రోతలు రేడియో సిలోనువైపు ముల్లు త్రిప్పిరి. అచ్చట తెలుగు ప్రకటనలు చేసిన మీనాక్షీ పొన్నుదురై కంఠము తెలుగు ఇండ్లలో బంధువు కంఠమువలె పరిచిత మయ్యెను. 1957 అక్టోబరులో వివిధభారతి పుట్టుటకు ఈ వలసయు నొక కారణమే.

1963 జూన్ మాసమున కడపలో ఆకాశవాణి కేంద్రము ప్రారంభమయ్యెను. మొదట నది ఇతర కేంద్రముల కార్యక్రమముల నందుకొని తిరిగి ప్రసారము చేయునట్టిది మాత్రమే. పూర్వము కర్నూలు కడప కాలువ తుంగభద్ర నీటిని సుంకేసులనుండి కడపకు మోసికొనివచ్చినట్లు, ఈ కేంద్రము పరస్థలపు మాటలను సీమకు మోసెను. స్వంత ఊట తరువాత వచ్చెను. 1970వ దశకమున కడప తన మాటలను తానే పలుక నారంభించెను. ఈ కేంద్రమునకు లభించిన స్థానము 900 కిలోహెర్ట్జ్, అనగా 333 మీటర్ల నిడివిగల తరంగము. విద్యార్థులు ఈ రెండంకెలను హెచ్చవేసి చూచినచో కాంతివేగము లభించును.

ఇట్టి కేంద్రమున ఒక వారము ఎట్లు గడచునో చూచినచో, తెల్లవారుజామున ఆకాశవాణి సంకేతనాదముతో దినము మొదలగును. చెకోస్లొవేకియానుండి వచ్చి బొంబాయి కేంద్రమున పనిచేసిన వాల్టర్ కాఫ్‌మన్ దానిని 1930వ దశకమున కూర్చెనని ప్రసిద్ధి. శివరంజని ఛాయగల ఆ నాదము వినబడిన పిదప వందేమాతరము, మంగళవాద్యము, భక్తిగీతములు. తరువాత, ఆనాడు ఢిల్లీనుండి వచ్చిన తెలుగు వార్తలు. నటుడు కాకమునుపు కొంగర జగ్గయ్య ఆ వార్తలు చదివినవాడే. వార్తల పిమ్మట వాతావరణము వచ్చును. సీమ ప్రజ చెవులు నిక్కించి విను ఘట్టమిదియే.

వాతావరణశాఖ తన విభజనలో కోస్తాను, తెలంగాణమును, రాయలసీమను వేరువేరుగా చెప్పును. పూర్వము దత్తమండలము లనబడిన ఈ ప్రాంతమునకు రాయలసీమ యను పేరు 1928లో నంద్యాల సభలలో చిలుకూరి నారాయణరావు పెట్టినది. సభలో పుట్టిన ఆ పేరు ప్రతిదినము ఇంటింట వినబడుటకు వానకబురే సాధన మయ్యెను. ఏడాదికి ఏడువందల మిల్లీమీటర్లకు అటునిటుగా వాన పడు భూమి యిది. "రాయలసీమలో అక్కడక్కడ జల్లులు పడవచ్చును" అని రేడియో చెప్పినప్పుడు, ఆ అక్కడక్కడ అన్నది ఏ మండలమున నున్నదని రచ్చబండమీది పెద్దలు అడుగుట హాస్యముగా తోచవచ్చును. కాని విత్తనపుకాయ గంపలో నుంచుకొని మబ్బు చూచుచున్నవానికి ఆ ప్రశ్న హాస్యము కాదు.

వారములో ఆదివారము బాలలది. నాటకము, సంగీతకచేరి, మహిళల కార్యక్రమము, యువవాణి తమతమ దినములలో వచ్చును. శనివారము రాత్రి జాతీయ సంగీత కార్యక్రమము 1952 నుండి దేశమంతటి కేంద్రములను ఒకచోట చేర్చెను. హిందూస్థానీ గాయకుని కడపవారును, కర్ణాటక విద్వాంసుని కాశీవారును వినిరి. ఎందరు మెలకువతో వినిరన్నది వేరు సంగతి. వీటినన్నిటిని ఇంతటితో విడిచి, ప్రతి సాయంకాలమును వచ్చు ఒక్క కార్యక్రమమువద్ద ఆగవలసియున్నది. అది గ్రామస్థుల కార్యక్రమము.

దేశములో దీనికి శాస్త్రీయమైన ఆరంభము 1956లో పూనా ప్రాంతమున జరిగెను. యునెస్కో సహాయముతో సుమారు 150 గ్రామములలో శ్రోతల బృందములు కూర్చుండి, కార్యక్రమము విని, చర్చించి, సందేహములను కేంద్రమునకు తిరిగి వ్రాసెను. 1959 నుండి ఈ పద్ధతి ఇతర రాష్ట్రములకును ప్రాకెను. 1966 ప్రాంతమున వ్యవసాయ ప్రసారములకు కేంద్రములలో ప్రత్యేక శాఖలు వెలసెను. తంజావూరు రైతులు ఏ.డి.టి. 27 అను వరివంగడమును, రేడియోద్వారా తెలిసినదగుటచే, రేడియో వరి అని పిలిచిరి. వరి సంగతి కాలువక్రింది వారిది. మెట్టసీమలో రేడియో చేయగల మేలు మరియొక తీరుది. ఎర్ర గొంగళిపురుగును దృష్టాంతముగా గైకొనవచ్చును.

ఈ పురుగు వేరుసెనగకు మిత్తి. దీని కోశము నెలలతరబడి మట్టిలో నిద్రించును. తొలకరిలో గట్టి వాన పడినంతనే రెక్కలపురుగులు ఆ రాత్రులయందే గుంపులుగా వెడలి, ఆకులపై వందలకొలది గ్రుడ్లు పెట్టును. పిల్లలు పెరిగిన పిమ్మట చేనినుండి చేనికి దండువలె కదలును. వెనుక మిగులునవి ఈనెలు మాత్రమే. మందుకు లొంగనంతటి దశ రాకమునుపే చేయదగిన పని యొకటి కలదు. వాన పడిన వెంటనే కొన్ని రాత్రులు చేలగట్లపై మంటలు వేసినచో, రెక్కలపురుగులు వెలుతురునకు వచ్చి మాడిపోవును. కాని ఒక్క రైతు ఒక్క మంట వేసినచో అది పొరుగుచేని పురుగులను కూడ తనచేనికి పిలుచుకొనుటయే యగును. ఊరంతయు, ఆ చుట్టుప్రక్కల ఊళ్ళన్నియు, అవే రాత్రులలో మంటలు వేయవలెను. వ్యవసాయాధికారి ఇంటింటికి పోయి చెప్పులోపల ఆ రాత్రులు గడచిపోవును. కరపత్రము అచ్చయి వచ్చునప్పటికి గ్రుడ్లు పిల్లలగును. చదువురాని వానికి కరపత్రము వచ్చియు ప్రయోజనము లేదు. ఒకే సాయంకాలము, ఒకే గడియలో, వేయి గ్రామములకు ఒక్కమాట చెప్పగల సాధనము ఆనాడు రేడియో తప్ప వేరొకటి లేదు.

అయితే ఆ మాట ఏ తెలుగులో చెప్పవలెను? సీమ రేడియో చరిత్రలో ఆలోచింపదగిన ప్రశ్న యిదియే. వేరుసెనగ యన్నది పుస్తకములలోని పేరు. కర్నూలు రైతునకు అవి బుడ్డలు. కడప రైతునకు శెనక్కాయలు. సజ్జలు సీమలో సద్దలు. కాలమును మాసములతో గాక మృగశిర, ఆరుద్ర అని కార్తెలతో లెక్కింతురు. గ్రామస్థుల కార్యక్రమమును ఉపన్యాసముగా గాక, ఇద్దరు ముగ్గురు పల్లెమనుష్యుల సంభాషణగా నడపుట ఆకాశవాణి సంప్రదాయము. "ఏం మామా, రాత్రి పదునువాన పడె గదా, చేనికాడ మంట ఏసినారా?" అని ఒకడు అడుగును. "యాడిదబ్బా, నేనొక్కన్నే ఏస్తే ఏమి లాభం?" అని రెండవవాడు సణుగును. ఆ సణుగుడులోనే అసలు పాఠము దాగియున్నది; మూడవ మనిషి దానిని విప్పి చెప్పును. ఇదే సంగతి శాస్త్రజ్ఞుని నోట గ్రాంథికముగా వచ్చినచో, వినువాడు తల యూపి లేచిపోవును.

ఇచ్చట బడిపంతుళ్ళకు సంబంధించిన యొక చిత్రమున్నది. సీమ బాలుడు "మాయన్న వచ్చినాడు" అనును. పాఠ్యపుస్తకములలోను, పత్రికలలోను, రేడియో వార్తలలోను క్రమముగా పాతుకొనినది "వచ్చాడు" అను కోస్తారూపము. బాలుని నోటిమాటను మోటు అని దిద్దిన ఉపాధ్యాయులు కొల్లలు. కాని "వచ్చినాడు" అనునది పాత గ్రంథములయందు నిలిచిన రూపమే. సీమ ప్రజ దానిని విడువలేదు. విడిచినవారు విడువనివారిని దిద్దిరి. సినిమాలు ఆ యాసను కొంతకాలము నవ్వులకును, పిదప కత్తులు పట్టినవారి నోటికిని అప్పగించెను. గ్రామస్థుల కార్యక్రమమున మాత్రము అదే యాస ఎరువుల లెక్క చెప్పెను, పశువైద్యము చెప్పెను, బ్యాంకు అప్పు షరతులు చెప్పెను. తన భాషలో తెలివిగల మాట గాలిలో వచ్చుట వినిన రైతుబిడ్డకు కలిగిన ధైర్యమును ఏ పరీక్షయు కొలువజాలదు. వార్తలకు ఒక సామాన్యభాష అవసరమే. శ్రీకాకుళమునుండి చిత్తూరువరకు అందరికిని తెలియవలెను గదా. కాని ఆ అవసరము వార్తలవద్ద ఆగినచో మేలు.

సాహిత్య ప్రసంగముల సంగతి కొంత వేరు. పది పదునైదు నిమిషములలో చెప్పవలసినది చెప్పి దిగవలెను. ఎదుట శ్రోత లేడు, గడియారము మాత్రమున్నది. గంటలతరబడి ఉపన్యసించు పండితులకు ఇది కఠినశిక్ష. అవధానముల గడ్డయైన ప్రొద్దుటూరు చేరువనే యున్నది. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారము వేంకటశేషశాస్త్రి నడచిన ఊరది. పుట్టపర్తి నారాయణాచార్యులవంటి బహుభాషావేత్త కడప సీమననే జీవించెను. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక ఈ సీమలోనిదే. ఇంతటి వాక్సంపద నడుమ నెలకొన్న కేంద్రమునకు విషయదారిద్ర్యము లేదు. ఉన్నది నిమిషముల దారిద్ర్యమే. జీతమునకు కుదిరిన సాహిత్యకారులును ఇచ్చట కలరు. రేవూరు అనంతపద్మనాభరావు ఈ కేంద్రమున పనిచేసెను. గొల్లపూడి మారుతీరావు ఇరువదేండ్ల ఆకాశవాణి కొలువును కడపలో సహాయ కేంద్రనిర్దేశకుడుగా నుండగా ముగించుకొని 1981లో సినిమారంగమునకు వెడలెను.

లోపములు లేవనుట పొసగదు. రేడియో ప్రభుత్వముచేతిలో పెరిగినది. కరవు వచ్చినప్పుడు కరవు సహాయమును గూర్చి విన్నంతగా, ఆ సహాయ మందనివాని గోడు వినబడలేదు. 1997లో ప్రసారభారతి యేర్పడినను ఈ అలవాటు ఒక్కనాట పోవునది కాదు. చెక్కభజనకును, పండరిభజనకును కేటాయించిన నిమిషములు, ఆ కళలు తెల్లవారులు ఆడు పల్లెలలోని గంటలతో పోల్చినచో ఉప్పుకల్లంత.

కర్నూలునకును తుదకు ఆకాశవాణి కేంద్రము లభించెను. అది కడపవలె మధ్యతరంగముపై గాక, ఎఫ్.ఎం. పద్ధతిలో, నూట రెండు మెగాహెర్ట్జ్‌కు పైనున్న తరంగముపై వెలసెను. ధ్వని అద్దమువలె స్వచ్ఛము. కాని ఈ తరంగపు నిడివి మూడు మీటర్లకు లోపు. అది ఇంచుమించు చూపుమేర మాత్రమే పోవును. కొండ అడ్డమైనచో ఆగిపోవును. మూడువందల మీటర్ల తరంగము నేలను పట్టుకొని, కొండ నడుమును చుట్టి అవతలకు దిగును. ఇటీవలి సంవత్సరములలో ఆకాశవాణి దేశమున పలుచోట్ల మధ్యతరంగ ప్రసారయంత్రములను మూసివేసినది. అవి విద్యుత్తును విస్తారముగా మ్రింగునన్నది సత్యమే. సెల్‌ఫోనులోను రేడియో వినవచ్చుననుటయు సత్యమే. కాని నల్లమల, ఎర్రమల, పాలకొండలు, శేషాచలము, ఇన్ని కొండలు గల సీమలో ఈ లెక్కను సమతలప్రదేశపు లెక్కతో సమానముగా వేయుట పొరపాటగును.

కడపనుండి రాయచోటికి పోవు బస్సు గువ్వలచెరువు కనుమ నెక్కును. మలుపులు తిరుగుకొలది, చిన్న తరంగముపై వచ్చు పాట తెగి, అతికి, మరల తెగి, గరగరలో కలియును. అవతల దిగిన పల్లెలో ముల్లును 900 అంకెవద్ద నిలిపిన పాత పెట్టె యొకటి యున్నచో, కడప యంత్రము మధ్యతరంగముపై పలికినంతకాలము, అందులో సాయంకాలపు వానకబురు వినబడును. అక్కడక్కడ జల్లులు పడవచ్చునని.