వార్తల్లో పదం: ఆసుపత్రి ఇన్ఫెక్షన్

చిలమత్తూరులో బిడ్డకు జ్వరం ముదిరితే హిందూపురానికో, కొడికొండ చెక్‌పోస్టు దాటి బెంగళూరుకో పరుగెత్తుతారు. ఆ జబ్బు తగ్గేలోగా ఆసుపత్రిలోనే కొత్తది అంటుకోవచ్చు. చేరేనాటికి లేకుండా, సాధారణంగా 48 గంటలు దాటాక బయటపడే ఇన్ఫెక్షన్‌నే ‘నోసోకోమియల్’ అంటారు. గ్రీకులో ఆ మాటకు మూలం ఆసుపత్రే. సెలైన్ సూది, మూత్రపు గొట్టం, వెంటిలేటర్, అన్నిటికన్నా ముందు కడగని చేతులు దీనికి దారులు. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు ముప్పు మరీ ఎక్కువ.

1847లోనే వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు డాక్టర్ల చేతులు క్లోరిన్ నీటితో కడిగించి బాలింతల మరణాలు తగ్గించాడు. మనమింకా చేతుల శుభ్రత కన్నా యాంటీబయాటిక్‌నే నమ్ముకుంటున్నాం. వైరస్ జ్వరానికి అది పనిచేయదు. మందుకు లొంగని బ్యాక్టీరియాను మాత్రం పెంచుతుంది.

మాత్రల అట్టపై ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనకండి. వార్డులో మీ బిడ్డను తాకబోయేవారిని చేతులు కడుక్కోమని అడగండి, మొహమాటపడకండి.