వాంతులా? ముందు "ఇవాళ మందు కొట్టారా?" అని అడగండి

ఈ ఎపిసోడ్‌లో వాంతుల గురించి మాట్లాడుకుందాం. నేను ఎమర్జెన్సీలో డ్యూటీ చేసే డాక్టర్‌ని. పేషెంట్‌తో వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే, "సార్, వాంతులు తగ్గే సూది వేయండి" అని. వేస్తాం. కానీ వాంతి జబ్బు కాదు, లోపల ఏదో తేడా వచ్చిందని చెప్పే గుర్తు. అందుకే ముందు శ్వాస, నాడి, బీపీ, షుగర్ చూస్తాం. ఈసీజీ కూడా తీస్తాం, ఎందుకంటే గుండెపోటు కొందరిలో వాంతులతోనే మొదలవుతుంది.

మన హాలియా వైపు ఇంకో ప్రశ్న తప్పనిసరి: "ఇవాళ పొలంలో మందు కొట్టారా?" సాగర్ ఎడమ కాలువ కింద ఎటు చూసినా వరే కదా. క్లోరిపైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు నోట్లోకే పోవాలని లేదు, చర్మం నుంచి కూడా ఒంట్లోకి పోతాయి. అప్పుడు వాంతులతో పాటు విపరీతమైన చెమటలు, నోట్లోంచి చొంగ, కళ్ల నుంచి నీళ్లు వస్తాయి. కంటిపాప సూదిమొనంత చిన్నదైపోతుంది, కండరాలు అదురుతాయి.

ఇంట్లోవాళ్లేమో ఎండదెబ్బ అనుకుంటారు. ఒక మాత్ర వేసి పడుకోబెడతారు. అసలు ప్రమాదం అక్కడే. ఊపిరితిత్తుల్లో స్రావాలు నిండి, శ్వాస కండరాలు బలహీనపడి, ఊపిరి ఆగిపోవచ్చు. ఆసుపత్రిలో దీనికి ఆక్సిజన్, అట్రోపిన్ ఇంజక్షన్ ఉంటాయి. టైముకి చేరడమే ముఖ్యం.

మరి మీరేం చేయాలి? 108కి ఫోన్ చేయండి. మీ చేతులకి గ్లౌజులో కవర్లో తొడుక్కొని, తడిసిన బట్టలు విప్పేసి, ఒళ్లంతా సబ్బుతో కడగండి. మత్తుగా ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. మందు డబ్బా లేబుల్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పేరు, దాని మీదున్న రంగు త్రికోణం స్పష్టంగా కనిపించాలి. ఎరుపు అంటే అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉందని నిర్లక్ష్యం చేయొద్దు.

మందు మింగినవాళ్లకి ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి కక్కించొద్దు. ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రాణగండం.

మామూలు వాంతులైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలో కలిపి, చెంచాడు చెంచాడు ఇవ్వండి. వాంతిలో రక్తం, పచ్చని పసరు, ఛాతీనొప్పి, తీవ్రమైన కడుపునొప్పి, తలకి దెబ్బ, మూత్రం రాకపోవడం, మగతగా ఉండటం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో ఆగొద్దు.

ఈ వీడియో మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మందు కొట్టే సీజన్‌లో ఎవరికైనా పనికొస్తుంది. ఉంటాను మరి.