వాడరేవు... వెయ్యి ముక్కలు!

సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఒకేచోట కూర్చోవాలంటే ఏం కావాలి? ఓ అట్టపెట్టె, అందులో చిందరవందరగా కొన్ని వందల ముక్కలు, బోలెడంత ఓపిక!

వాడరేవు ఫొటో ఒకటి ఊహించుకోండి. కింద ఇసుక, మధ్యలో సముద్రం, పైన ఆకాశం. ఒడ్డుకు లాగిపెట్టిన రెండు చేపల పడవలు, ఓ మూలన సరుగుడు చెట్లు. చూడ్డానికి ఎంత హాయిగా ఉంటుందో కదా! ఇప్పుడదే ఫొటోని వెయ్యి ముక్కలు చేసి చాపమీద కుమ్మరించండి. హాయి సంగతి దేవుడెరుగు... తల గిర్రున తిరుగుతుంది. ఏది నీళ్లు, ఏది నింగి? చేతిలో ఉన్న ఈ లేత నీలం ముక్క అలదా, మబ్బుదా? పడవలు పది నిమిషాల్లో తయారైపోతాయి. సముద్రం మాత్రం వారం పడుతుంది!

జిగ్‌సా పజిల్ మజా అంతా అక్కడే ఉంది. 'చిన్నపిల్లల ఆట' అని తీసిపారేసే పెద్దవాళ్లను ఒక్కసారి పక్కన కూర్చోబెట్టి చూడండి. 'ఈ ఒక్కటీ పెట్టేసి లేస్తా' అంటూనే పొయ్యిమీద పాలు పొంగిపోయేదాకా కదలరు.

బజారు సులువు... సముద్రం కష్టం

ఎన్ని ముక్కలున్నాయన్నదాన్ని బట్టే పజిల్ కష్టం తెలుస్తుందనుకుంటాం. సగమే నిజం. ఏ బొమ్మ అన్నదీ అంతే ముఖ్యం. తెనాలి బజారు ఫొటో తీసుకుంటే ప్రతి ముక్కమీదా ఏదో ఒక గుర్తు ఉంటుంది. 'మె' అన్న అక్షరం ఉన్న ముక్క దొరికితే 'డికల్స్' ఎక్కడుందో వెతుక్కుంటే చాలు. అరటిగెల పసుపు ఒకచోట, ఆటో పసుపు మరోచోట... రెండూ ఒకటి కావని కన్నే చెప్పేస్తుంది. బాపట్ల భావనారాయణస్వామి గుడి గోపురం దగ్గరికొస్తే కాస్త తికమక మొదలవుతుంది. శిల్పాలన్నీ చూడ్డానికి ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉంటాయి మరి! రేపల్లె వైపు వరిచేల ఫొటో ఇంకా గడ్డు. ఎటు చూసినా పచ్చదనమే. గట్లూ కాలువలూ లేకపోతే దారీతెన్నూ ఉండదు. ఇక వాడరేవు సంగతి సరేసరి. అక్కడ రంగు సాయం చేయదు, గీత సాయం చేయదు. ముక్క ఆకారమొక్కటే దిక్కు. రెండు బుడిపెలు, రెండు గుంటలు ఉన్నవి ఒక కుప్ప, మూడు బుడిపెలవి ఒక కుప్ప, నాలుగువైపులా గుంటలే ఉన్నవి ఇంకో కుప్ప... అలా విడదీసుకుని ఒక్కోదాన్నీ పెట్టి చూడ్డమే.

లెక్క కూడా ఓసారి చూద్దాం. 500 ముక్కల పజిల్ పూర్తిచేసినవాళ్లు వెయ్యి ముక్కలదంటే రెట్టింపు పనే కదా అనుకుంటారు. కానీ 500 ముక్కల్లో ఏ రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలన్నా 1,24,750 జతలు వస్తాయి. వెయ్యి ముక్కలైతే 4,99,500 జతలు. అంటే నాలుగు రెట్లు! అన్నీ పెట్టి చూడక్కర్లేదు కాబట్టి బతికిపోతాం. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు అంచుల పని పడతారు. నలభై నిలువు వరుసలు, పాతిక అడ్డ వరుసలు ఉన్న వెయ్యి ముక్కల పజిల్లో ఒకవైపు తిన్నగా ఉండే ముక్కలు 126 మాత్రమే. వాటిలో నాలుగు మూలలవి. అవి ముందు ఏరేస్తే చట్రం సిద్ధం. మిగిలింది లోపల నింపుకోవడమే. ఆ 'నింపుకోవడమే' దగ్గరే సెలవులు అయిపోతాయన్నది వేరే విషయం.

మూత నాకివ్వు!

అష్టాచెమ్మా ఆడితే ఒకరు గెలుస్తారు, మిగతావాళ్లు ఉడుక్కుంటారు. పులిజూదమైనా, క్యారమ్స్ అయినా అంతే. జిగ్‌సాలో ఓడించడానికి ఎదుటివాళ్లే ఉండరు. అందరూ ఒకవైపు, ముక్కలన్నీ మరోవైపు. అలాగని తగాదాలుండవా? ఎందుకుండవూ! బొమ్మ ముద్రించిన పెట్టెమూతను ఒళ్లో పెట్టుకుని ఎవరికీ ఇవ్వనివారు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. అది చాలాసార్లు నాన్నే. సరిపోని ముక్కను బొటనవేలితో నొక్కి నొక్కి 'పట్టేసింది చూడు' అనేవారు ఇంకొకరు. అరగంట నుంచి తమ్ముడు వెతుకుతున్న ముక్కను అటుగా వెళ్తూ వెళ్తూ టక్కున పెట్టేసి వెళ్లిపోయే అక్క మీద ఎంత కోపం వస్తుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఇక కొందరు గడుసువాళ్లు... ఒక ముక్కను ముందే జేబులో దాచేస్తారు. ఆఖరి ముక్క తామే పెట్టాలని!

ఈ ఆటలో వయసుతో పనిలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ తాతయ్య రంగుల తేడాలు పడతారు. బియ్యంలో రాళ్లేరిన చేత్తో అమ్మమ్మ చేటలో ముక్కలు పోసుకుని అంచువి అంచువి, లోపలివి లోపలివి ఇట్టే వేరుచేసేస్తుంది. ఏడేళ్ల బుడుగు ఆకారాన్ని చూసి 'ఇది ఇక్కడ' అంటాడు. వాడు చెప్పిందే నిజమవుతుంది కూడా. స్పెయిన్‌లోని వయ్యదొలిద్ నగరంలో 2019లో మొదలైన ప్రపంచ జిగ్‌సా పోటీల్లో ఒంటరిగా 500 ముక్కల్ని గంటలోపే పేర్చేసేవాళ్లున్నారు. అక్కడ జంటలుగా, నలుగురేసి జట్లుగా కూడా పోటీపడతారు. ఇంకా పెద్ద జట్టు కావాలా? వియత్నాంలోని హోచిమిన్ సిటీలో 2011లో దాదాపు 1,600 మంది విద్యార్థులు కలిసి 5,51,232 ముక్కల పజిల్‌ను పేర్చి గిన్నిస్ రికార్డు కొట్టారు. మన ఇంట్లో నలుగురం, ఒక చాప... చాలదూ?

వీటన్నిటికన్నా పెద్ద లాభం ఒకటుంది. ఎదురుగా కూర్చోబెట్టి 'స్కూల్లో ఏమైందో చెప్పు' అంటే పదో తరగతి పిల్లాడు నోరు విప్పడు. 'ఏం లేదు' అని ఫోన్లోకి దూరిపోతాడు. అదే పిల్లాడు తలవంచుకుని ఆకాశం ముక్కలు వెతుకుతూ, ఎవరి మొహమూ చూడక్కర్లేకుండా, 'లెక్కల సార్ మారిపోయార్నాన్నా... కొత్తాయన చెప్పేది అర్థం కావట్లా' అని మెల్లగా మొదలుపెడతాడు. చేతులకు పనుంటే మాటకు మొహమాటం తగ్గుతుంది. చిక్కుళ్లు ఒలుచుకుంటూనో, పూలు కట్టుకుంటూనో అమ్మలూ పిన్నులూ కష్టసుఖాలు చెప్పుకునేది ఇలాగే కదా! అయితే ఒక్క షరతు. అప్పుడు ముక్కలు వదిలేసి 'ఏంటీ, ఎన్ని మార్కులొచ్చాయి?' అని గద్దించారో... ఆ పజిల్ ఇక ఎప్పటికీ పూర్తికాదు.

పటంతో పుట్టింది

అసలీ ఆట ఆటగా పుట్టలేదు. లండన్‌లో పటాలు చెక్కే జాన్ స్పిల్స్‌బరీ 1760ల్లో ఓ ప్రపంచ పటాన్ని పలుచటి చెక్కకు అంటించి, దేశాల సరిహద్దుల వెంట రంపంతో కోశాడు. పిల్లలకు భూగోళం నేర్పడానికి! అప్పటి ఇంగ్లండు రాజు మూడో జార్జి పిల్లలు కూడా ఇలా కోసిన పటాలతోనే పాఠాలు నేర్చుకున్నారు. సన్నటి పళ్లున్న 'జిగ్‌సా' రంపం పేరు ఈ ఆటకు అంటుకున్నది చాలా ఏళ్ల తర్వాత. మొదట్లో కలవారి ఇళ్లకే పరిమితం. అట్టను అచ్చుతో ఒక్క దెబ్బకు కోసే పద్ధతి వచ్చాక చవకైపోయింది. అమెరికాలో ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఉద్యోగాలు పోయి ఇంట్లో కూర్చున్న జనం వీటిమీద పడ్డారు. 1933 మొదట్లో అక్కడ వారానికి కోటి పజిల్స్ అమ్ముడయ్యాయి. 2020లో కరోనా ఇళ్లకు తలుపులేసినప్పుడూ అదే జరిగింది. చాలా దేశాల్లో దుకాణాల్లో పజిల్స్ దొరక్కుండా పోయాయి.

పటం మాటకొస్తే మన ప్రాంతం కన్నా మంచి పజిల్ ఇంకోటి ఉండదు. వాడరేవు పక్కనే ఉన్న చీరాల సంగతే చూడండి. 1904కి ముందు కృష్ణా జిల్లా. ఆ ఏడు గుంటూరు జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుడితే అటు వెళ్లింది. దానికే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు మళ్లీ ఇటు వచ్చింది. ఊరు కదల్లేదు, దాని చుట్టూ గీతలే కదిలాయి! అదే రోజున రేపల్లె కూడా గుంటూరును వదిలి బాపట్లలో కలిసింది. తెనాలి మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది. పదమూడు జిల్లాల పటం చూసి చదువుకున్న పిల్లలు ఒక్క పూటలో ఇరవై ఆరు నేర్చుకోవాల్సి వచ్చింది.

ఆ తిప్పలనే ఆటగా మార్చుకోవచ్చు. పుస్తకాల షాపులో రాష్ట్ర పటాలు రెండు తెచ్చుకోండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది. అట్టకు అంటించి, స్పిల్స్‌బరీ చేసినట్టే జిల్లాల గీతల వెంట కత్తిరించండి. పాత ముక్కలు తాతయ్యకు, కొత్త ముక్కలు మనవరాలికి. ఎవరు ముందు పూర్తిచేస్తారో చూడండి. 'మా రోజుల్లో చీరాల గుంటూరేనే' అని తాతయ్య మొదలుపెట్టారంటే సాంఘిక శాస్త్రం పాఠం పుస్తకం లేకుండానే అయిపోతుంది.

కత్తెర పెట్టేముందు...

మామూలు బొమ్మల్నీ ఇంట్లోనే పజిల్స్ చేసుకోవచ్చు. పాత క్యాలెండరు బొమ్మో, పోయిన సెలవుల్లో వాడరేవులో దిగిన కుటుంబం ఫొటో పెద్ద ప్రింటో తీసుకోండి. దేవుడి బొమ్మల క్యాలెండరు జోలికి మాత్రం వెళ్లకండి. కత్తెర పెడితే అమ్మమ్మ ఊరుకోదు! కత్తెరకు లొంగేపాటి అట్టకు ఫెవికాల్ సమంగా రాసి, మధ్యలోంచి అంచులకు గుడ్డతో అదుముతూ అంటించాలి. లేదంటే గాలి బుడగలొస్తాయి. మైదా జిగురు చవకే కానీ బొద్దింకలకు విందుభోజనం. రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచి, తెల్లారాక వెనకవైపు పెన్సిలుతో వంకర గీతలు గీసుకుని కోయాలి. బుడిపెలు రాకపోయినా ఫర్వాలేదు, వంకరలు చాలు. మొదటిసారి 30 ముక్కలు మించొద్దు. ముక్కల వెనక ఒక గుర్తు వేసి పెట్టుకుంటే రెండు పజిల్స్ కలిసిపోయినా విడదీయొచ్చు.

మూడేళ్లలోపు పసివాళ్లున్న ఇంట్లో చిన్న ముక్కలు నేలమీద వదలొద్దు. నోట్లో పెట్టేసుకుంటారు. వాళ్లకు అరచేయంత చెక్కముక్కలు నాలుగైదు చాలు. బడికెళ్లే వయసుకు పాతిక నుంచి వంద. అయిదొందలంటే ఇంటిల్లిపాదికీ సరిపడా పని.

వెయ్యి ముక్కలది మొదలుపెట్టేవాళ్లు మాత్రం ముందు చోటు చూసుకోవాలి. భోజనాల బల్ల అయితే రాత్రికి ఖాళీ చేయాల్సిందే. అందుకని ప్లైవుడ్ పలక మీద పేర్చి, పడుకోబోయేముందు మంచం కిందకి తోసేయడం మంచి ఉపాయం. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలి చెమ్మకు అట్టముక్కలు ఉబ్బుతాయి. ఆట అయ్యాక గాలి చొరని డబ్బాలో పెట్టేయాలి. ఇక అసలు శత్రువు చీపురు! పొద్దున్నే ఊడ్చేటప్పుడు మంచం కింద నుంచి ఒక్క ముక్క చెత్తలోకి వెళ్లిందంటే వారం రోజుల శ్రమకు చిల్లు పడ్డట్టే. పజిల్ అయ్యేదాకా చెత్తబుట్ట తనిఖీ చేశాకే బయట పారబోయాలన్నది తలపండినవాళ్ల మాట.

మెదడుకు మేతేనా?

'పజిల్స్ చేస్తే తెలివి పెరుగుతుంది' అని పెట్టెలమీద రాసేస్తుంటారు. పరిశోధనలు అంత ధీమాగా చెప్పడం లేదు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 53 మంది పిల్లల్ని రెండేళ్ల వయసు నుంచి నాలుగేళ్ల దాకా వాళ్ల ఇళ్లలోనే గమనించారు. పజిల్స్‌తో ఆడినవాళ్లు నాలుగున్నరేళ్లకు ఆకారాల్ని మనసులోనే తిప్పి పోల్చడంలో మెరుగ్గా ఉన్నారని 2012లో చెప్పారు. పెద్దవాళ్ల సంగతి జర్మనీలోని ఉల్మ్ పరిశోధకులు చూశారు. యాభై దాటినవారితో నెలరోజులపాటు రోజూ గంటసేపు పజిల్స్ చేయిస్తే మెదడు పనితీరులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. ఏళ్ల తరబడి అలవాటున్నవాళ్ల మెదడు మాత్రం చురుగ్గా ఉన్నట్టు 2018లో తేల్చారు. ఆ అలవాటు వల్ల చురుకొచ్చిందా, చురుకు వల్ల అలవాటైందా అన్నది ఇంకా తేలని పజిల్! కాబట్టి మందులా మింగించొద్దు. ఆటలానే ఆడనివ్వండి.

సెల్‌ఫోన్లోనూ ఈ ఆట దొరుకుతుంది. ముక్క పోదు, చీపురు భయం లేదు. కానీ ఆ తెరముందు ఒక్కరే పడతారు. నలుగురు తలలు ఢీకొట్టుకునే భాగ్యం చాపమీదే.

పూర్తయ్యాక ఏం చేయాలన్నది ప్రతి ఇంట్లో వచ్చే ఆఖరి తగాదా. జిగురు పూసి గోడకు తగిలిద్దామంటారు ఒకరు. విడదీసి మళ్లీ చేద్దామంటారు ఇంకొకరు. ఒకసారి చేసిన బొమ్మ మళ్లీ చేయడం విసుగే. దానికన్నా పక్కింటివాళ్లదో, బాబాయి వాళ్లదో తెచ్చుకుని మనది వాళ్లకిస్తే డబ్బు ఖర్చు లేకుండా ఏడాదంతా కొత్త బొమ్మలే. ఇచ్చేముందు ముక్కలు లెక్కపెట్టి, పెట్టెమీద నిజాయతీగా ఒక చీటీ అంటించండి. '998 ఉన్నాయి. ఆకాశంలో రెండు లేవు' అని!